కంట్రోల్ స్లైడ్ కదలకూడదు: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 19

ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఇవాళ ఖరారైంది. హైదరాబాద్‌లోనే, నాలుగు నెలలు, ఒక్క మిల్లీమీటరు పొడవున్న పురుగుతో. పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. అగార్ అనే జెల్లీ పోసిన ప్లేటు మీద పలచగా పరిచిన ఈ.కోలై బాక్టీరియాను తింటూ, 20 డిగ్రీల దగ్గర ఉంచితే మూడున్నర రోజుల్లో గుడ్డు నుంచి పెద్ద పురుగు అవుతుంది. ఒళ్ళు గాజులా ఉంటుంది కాబట్టి కడుపులో ఏం జరుగుతుందో పైనుంచే కనిపిస్తుంది. సిడ్నీ బ్రెన్నర్ 1974లో దీని జన్యువుల మీద పెద్ద పేపరు వేసిన దగ్గర్నుంచి ప్రపంచమంతా ఇదే పురుగు. ఇప్పటికీ అందరూ వాడే మూల రకం ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ దగ్గర పుట్టగొడుగుల ఎరువులో దొరికింది.

నాకిచ్చిన పని దీని వీర్యకణాల మీద. మగ కణం అంటే తోక ఊపుకుంటూ ఈదేదే అని అప్పటిదాకా అనుకున్నాను. ఈ పురుగుల కణానికి తోక లేదు. పదో తరగతిలో అమీబా బొమ్మ వేసి మిథ్యాపాదం అని బాణం గుర్తు పెట్టేవాళ్ళం కదా, అలాంటి పాదంతో పాకుతుంది. ముందు గుండ్రంగా, కదలకుండా ఉంటుంది. ఆ దశ పేరు స్పెర్మాటిడ్. ఒక సంకేతం అందగానే కొన్ని నిమిషాల్లో పాదం పుట్టి పాకడం మొదలుపెడుతుంది. ఆ కొన్ని నిమిషాలే నా ప్రాజెక్టు.

ప్రాజెక్టు గైడ్ మేడమ్ ఒక్క మాట చెప్పారు: “కదిలేదాన్ని ఎవరైనా చూపిస్తారు. కదలనిది కదలకుండా ఉందని ముందు చూపించు.” అప్పటికి నాకది పూర్తిగా ఎక్కలేదు, రాసి మాత్రం పెట్టుకున్నాను.

జనవరి 28

వారమంతా పురుగులు ఎత్తడమే. ప్లాటినం తీగ చివరను అట్లకాడలా నొక్కి, దానికి కాస్త బాక్టీరియా అంటించి, పురుగును పొడవకుండా పైకి లేపాలి. మొదటి రెండు రోజులు అగార్ అంతా చీల్చేశాను. చీలిన చోట పురుగులు లోపలికి దూరిపోతాయి, ఇక దొరకవు.

ఈ జాతిలో ఎక్కువ భాగం ఉభయలింగులు. ఒకే ఒంట్లో ముందు దాదాపు 300 వీర్యకణాలు తయారుచేసుకుని, తర్వాత అండాలకు మారతాయి. మామూలు రకంలో మగవి వెయ్యికి ఒకటో రెండో పుడతాయి. అందుకే మేం హిమ్-5 అనే మ్యూటెంట్ (ఒక జన్యువు మారిన రకం) వాడుతున్నాం, అందులో మూడింట ఒక వంతు మగవే. పెద్ద మగ పురుగు తోక విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. నాకు కావలసింది దానికి ముందు దశ, తోక ఇంకా ఉబ్బుగా ఉన్న పిల్ల మగవి. వాటిని విడిగా తీసి, ఉభయలింగుల వాసన తగలకుండా ఒక రోజు పైన పెంచితే లోపల స్పెర్మాటిడ్లు నిండుగా చేరతాయి.

ఇవాళ గంటకు నలభై ఎత్తాను. మా సీనియర్ అక్క వంద ఎత్తుతుంది.

ఫిబ్రవరి 5

మొదటి కోత.

స్లైడు మీద ఉప్పుల ద్రావణం చిన్న చుక్క. అందులో హెపీస్, సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, కాస్త గ్లూకోజ్ ఉంటాయి. మగ పురుగులు ఐదు. రెండు చేతుల్లో రెండు 27 గేజ్ ఇంజెక్షన్ సూదులు. ఒక దానితో అదిమి, ఇంకో దానితో కత్తెరలా కోస్తే లోపలి ఒత్తిడికి కణాలు బయటికి చిమ్ముతాయి. చుట్టూ సన్నగా వ్యాజలీన్ గీత పెట్టి కవర్ స్లిప్ మూసి, 63 రెట్ల లెన్సు కిందికి.

నాలుగో ప్రయత్నంలో కనిపించాయి. సగం ఉడికిన సగ్గుబియ్యం గింజలు చూశారా, చుట్టూ పారదర్శకంగా, నడుమ చిన్న తెల్ల చుక్క? సరిగ్గా అలాగే ఉన్నాయి. ఒక్కోటి 5, 6 మైక్రాన్లు. నడుమ చుక్క కేంద్రకం, గట్టిగా ముడుచుకుని ఉంటుంది. వందల కొద్దీ గింజలు, ఏ ఒక్కటీ కదలడం లేదు.

మధ్యాహ్నం అక్క వీటి కథ చెప్పింది. ఒక తల్లి కణం నాలుగు స్పెర్మాటిడ్లుగా విడిపోయేటప్పుడు తనకు అక్కర్లేని సామానంతా నడుమ ఒక ముద్దలో వదిలేస్తుంది. దాన్ని మిగులు ముద్ద అనుకోవచ్చు. మిగతా కణాల కదలికకు ఆధారమైన యాక్టిన్ అందులోకే పోతుంది, ట్యూబ్యులిన్ పోతుంది, చివరికి ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు కూడా పోతాయి. అంటే ఇకమీదట ఈ కణం కొత్తగా ఏదీ వండుకోలేదు. సద్దిమూట కట్టుకుని, పొయ్యి ఇంట్లోనే వదిలేసి బయలుదేరిన మనిషి లాంటిది. పాదం పుట్టడానికి, పాకడానికి, అండాన్ని చేరి కలవడానికి ఏం కావాలన్నా ముందే మూటలో ఉండాలి.

మూటలో ఎక్కువ భాగం ఎంఎస్‌పీ, అంటే మేజర్ స్పెర్మ్ ప్రోటీన్. కణంలోని మొత్తం ప్రోటీన్‌లో దాదాపు 15 శాతం ఇదొక్కటే.

ఫిబ్రవరి 10

ఇవాళ నులిపురుగుల నివారణ దినం. అమ్మ సూర్యాపేట దగ్గర మా ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్, పొద్దంతా పిల్లలతో ఆల్బెండజోల్ గోలీలు నమిలిస్తూనే ఉందట. రాత్రి ఫోన్ చేసి, “నీ పురుగులు గూడ ఇట్లాంటియేనా బిడ్డా?” అని అడిగింది.

అవే వంశం అమ్మా, అన్నాను. నా పురుగు మట్టిలో, కుళ్ళిన పళ్ళలో బతుకుతుంది, ఎవరికీ హాని చెయ్యదు. పిల్లల కడుపులో ఉండే ఏలికపాము దీనికి దూరపు చుట్టం. ఒక ఆడ ఏలికపాము రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది, దాని మగ కణం కూడా తోక లేకుండా పాకేదే. అసలు ఎంఎస్‌పీ గురించి మనకు తెలిసిన దాంట్లో సగం ఏలికపాముల వల్లే తెలిసింది. అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో థామస్ రాబర్ట్స్ బృందం పందుల్లో ఉండే ఏలికపాముల కణాలను చితక్కొట్టి, ఆ రసంలో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ కలిపి చూసింది. కణమే లేకుండా, చిన్న చిన్న పొర బుడగల వెనక ఎంఎస్‌పీ పోగులు పెరుగుతూ వాటిని ముందుకు నెట్టాయి. ఆ పేపరు వచ్చింది 1996లో. ఈ పోగుల వెంట నడిచే మోటారు ప్రోటీన్ ఏదీ ఇప్పటిదాకా దొరకలేదు. పోగు పెరగడమే తోపు, విడిపోవడమే లాగుడు.

ఇంత వివరంగా కాకపోయినా చెప్పాను. “మరి దాన్ని కదలకుండ ఆపితే పురుగు పుట్టుడే ఆగుతది గద” అంది అమ్మ. ఇలా కదిలే పద్ధతి నులిపురుగుల వంశంలో తప్ప మన ఒంట్లో లేదు కాబట్టి అమ్మ ప్రశ్న చాలా పెద్దది. డైరీలో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.

ఫిబ్రవరి 18

ప్రోనేజ్ రోజు. ఇది ప్రోటీన్లను తెంపే ఎంజైముల మిశ్రమం, కణాన్ని మేల్కొలిపే సంకేతంగా పనిచేస్తుంది. మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములు. చుక్కలోనే కలిపి, అందులోనే పురుగులను కోశాను. ఒక్క కణాన్ని ఎంచుకుని కళ్ళు తిప్పకుండా చూశాను.

మొదటి రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత అంచు నున్నదనం పోయింది, వేడెక్కుతున్న పాల మీద మీగడ అదిరినట్టు. నాలుగో నిమిషానికి ఒంటి నిండా ముళ్ళు. పల్లేరు కాయే. ముళ్ళు వస్తూ పోతూ, ఒక చోట మునిగి ఇంకో చోట లేస్తూ ఉన్నాయి. ఏ వైపు ముందు, ఏ వైపు వెనక అన్నది కణం ఇంకా తేల్చుకోలేదు. ఆరో నిమిషం దాటాక ముళ్ళన్నీ ఒక పక్కకు చేరాయి, మిగతా ఒళ్ళు నున్నగా అయింది. చేరిన చోట నుంచి పలచని, గింజలేమీ లేని, అద్దంలాంటి నాలుక బయటికి సాగింది. అదే మిథ్యాపాదం.

గాజుకు సరిగ్గా అతుక్కున్న కణాలు కదిలాయి. పాదం అంచున చిన్న గడ్డలు పుట్టి, వెనక్కి జరుగుతూ, ఒంటి దగ్గరికి వచ్చేసరికి మాయమవుతాయి. ముందు అంచున ఎంఎస్‌పీ పోగులు అల్లుకుంటాయి, ఒంటి మొదట్లో విడిపోతాయి. రైలు తన ముందు తానే పట్టాలు వేసుకుంటూ, తన కిందికి రాగానే పీకేసుకుంటూ పోతే ఎలా ఉంటుందో అలా. పోగులు నేలకు ఆనుకుని ఉంటాయి కాబట్టి కణం ముందుకు సాగుతుంది.

రాత్రి తొమ్మిది దాకా అక్కడే కూర్చున్నాను. హాస్టల్లో భోజనం అయిపోయింది. ఆకలి తెలియలేదు.

మార్చి 3

సమస్య. ప్రోనేజ్ లేకుండా, పోల్చి చూసుకోవడానికి పెట్టే కంట్రోల్ స్లైడులో వందకు 38 కణాలకు పాదాలు వచ్చాయి. నిన్న 31. మొదటి నెలలో ఒకటో రెండో ఉండేవి.

కంట్రోల్ కదిలితే నా దగ్గరున్న అంకెలకు అర్థం లేదు. ప్రోనేజ్ వల్ల 80 మేల్కొన్నాయని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

మార్చి 7

ముందు పీహెచ్ మీద అనుమానం. 1983లోనే శామ్యూల్ వార్డ్ బృందం చూపించింది: ట్రైఈథనోలమీన్ అనే క్షారం వేస్తే కణం లోపలి పీహెచ్ 7.1 నుంచి 8.0కి పెరిగి, కణం తనంతట తాను మేల్కొంటుంది. నా ద్రావణం పీహెచ్ ఎక్కడైనా పెరిగి ఉంటుందా? మీటరును కొత్త బఫర్లతో సరిచేసి చూశాను. 7.8 ఉండాలి, 7.8 ఉంది. అయినా మొత్తం పారబోసి కొత్తది కలిపాను. కంట్రోల్‌లో 35.

మార్చి 12

రెండో అనుమానం నా కోత మీద. మగ పురుగు తోక వైపు వీర్యవాహికలో మేల్కొలిపే ఎంజైము ఉంటుంది, దాని పేరు ట్రై-5. జత కట్టినప్పుడు అది కణాలతో పాటే బయటికి వస్తుంది. అంతదాకా దాని దుష్ప్రభావం కణాల మీద పడకుండా ఎస్‌డబ్ల్యూఎం-1 అనే ఇంకో ప్రోటీన్ కాపలా కాస్తుంది. ఆ కాపలా లేని మ్యూటెంట్ మగవాటిలో కణాలు తండ్రి ఒంట్లో ఉండగానే పాదాలు తెచ్చుకుని పాకుతాయి. కానీ జత కట్టినప్పుడు అవి ఆడ వైపుకు సరిగ్గా చేరవు, అలాంటి మగవాటికి పిల్లలు కలగడం కష్టం. 2006 నాటి ఆ పేపరు చదివాకే మేడమ్ మాట నాకు ఒంటబట్టింది. కదలకుండా కూర్చోవడం ఆ కణానికి అప్పగించిన పని. ఆ పని సరిగ్గా చేసిన కణానికే తర్వాత పాకే వంతు వస్తుంది.

నేను తోకకు మరీ దగ్గరగా కోసి వాహికను చిదుపుతున్నానేమో అని నడుము దగ్గర కోశాను. కొంచెం తగ్గింది. 26. చాలదు.

మార్చి 14

టెన్షన్‌తో నిద్ర పట్టక నోట్‌బుక్ మొదటి నుంచి తిరగేశాను. ప్రతి స్లైడు పక్కన టైము రాసే అలవాటు ఉంది, అక్క చేయించిన అలవాటు. ఫిబ్రవరిలో కంట్రోల్ స్లైడులన్నీ పొద్దున పది గంటలవి. మార్చిలో అన్నీ మధ్యాహ్నానివి, ప్రోనేజ్ స్లైడుల తర్వాతవి.

సూదులు! ప్రోనేజ్ చుక్కలో కోసిన సూదులనే నీళ్ళలో ముంచి, టిష్యూతో తుడిచి, కంట్రోల్‌కు వాడుతున్నాను. కంటికి శుభ్రంగానే ఉన్నాయి.

మార్చి 16

పరీక్ష పెట్టాను. ఒకే ప్లేటు పురుగులు, ఒకే ద్రావణం. కొత్త సూదులతో కంట్రోల్: వందకు 4. ప్రోనేజ్‌లో వాడి తుడిచిన సూదులతో కంట్రోల్: 33. మళ్ళీ కొత్త సూదులు: 3.

రెండు వారాల అంకెలు కొట్టేశాను. బాధగానే ఉంది, కానీ ఆ పేజీలు చింపలేదు. ఇకనుంచి ప్రతి స్లైడుకు కొత్త సూదుల జత, ప్రోనేజ్‌కు వేరే పిపెట్ టిప్పుల డబ్బా, దాని మీద ఎర్ర టేపు. కంట్రోల్ ఎప్పుడూ ముందే. మేడమ్‌కు చెబితే, “ఆ మూడు స్లైడుల ఫోటోలు రిపోర్టులో పెట్టు” అన్నారు.

మార్చి 27

ట్రైఈథనోలమీన్‌తో మూడు రోజులు. ప్రోనేజ్ బయటి నుంచి తలుపు తడుతుంది. ఇది పొర దాటి లోపలికే పోయి పీహెచ్ పెంచుతుంది. చివరికి రెండూ అదే పల్లేరు కాయ, అదే పాదం. మరి రెండు దారులు ఎందుకు పనికొస్తాయి?

స్పె-8 గుంపు జన్యువుల దగ్గర ఆ తేడా తెలుస్తుంది. ఈ జన్యువులు చెడిన కణాలకు ప్రోనేజ్ ఇస్తే ముళ్ళ దశలోనే ఆగిపోతాయి. ట్రైఈథనోలమీన్ ఇస్తే పూర్తిగా మేల్కొంటాయి. అంటే పాకే యంత్రం బాగానే ఉంది, కబురు అందుకునే చోట తెగింది. అలాంటి ఉభయలింగులు తమ సొంత కణాలతో పిల్లల్ని కనలేవు, మగవి మాత్రం కనగలవు, ఎందుకంటే వాటికి ట్రై-5 దారి వేరేగా ఉంది. ఇంకా అందమైన సంగతి ఒకటుంది. అలాంటి ఉభయలింగి ఒక మగదానితో జత కడితే, ఆ మగదాని ద్రవం తగిలి ఇన్నాళ్ళూ నిద్రలో ఉన్న దాని సొంత కణాలు కూడా లేస్తాయి.

ఏప్రిల్ 9

ప్రాజెక్టు రెండో సగం ఫెర్-1. ఇది వేడికి చెడే మ్యూటెంట్. 16 డిగ్రీల దగ్గర పెంచితే పిల్లలు పుడతాయి, 25 దగ్గర పెంచితే గొడ్డువి. అదే జన్యువు, అదే ప్లేటు, తేడా తొమ్మిది డిగ్రీలే.

తొమ్మిది డిగ్రీలంటే హైదరాబాద్ ఏప్రిల్‌లో ఏం లెక్క? మొన్న రాత్రి కరెంటు పోయింది. పొద్దున వచ్చి చూస్తే 16 డిగ్రీల ఇంక్యుబేటర్ లోపల 29. ఫెర్-1 ప్లేట్లే కాదు, మామూలు మగవి కూడా పనికిరావు. ఈ పురుగుల వీర్యం 27 దాటితే నిలవదు. అన్నీ పక్కన పెట్టి, అక్క పాత ప్లేట్ల నుంచి మళ్ళీ మొదలు. థర్మోకోల్ డబ్బా, నాలుగు ఐస్ ప్యాకులు, ఒక థర్మామీటరు కొని పెట్టుకున్నాను. కరెంటు పోతే వాచ్‌మన్ అన్న ఫోన్ చేస్తానన్నాడు, నేనుండే హాస్టల్ ఐదు నిమిషాల దూరం.

ఏప్రిల్ 21

ఫెర్-1 స్లైడులు పూర్తి.

స్పెర్మాటిడ్ లోపల పొర సంచులు ఉంటాయి. కణం మేల్కొనే వేళ అవి ఒంటి పొరకు కరుచుకుని, తెరుచుకుని, లోపలున్నది బయటికి కుమ్మరిస్తాయి. తెరుచుకున్న చోట గుంటలు అలాగే ఉండిపోతాయి. ఎఫ్ఎం1-43 అనే రంగు వేస్తే పొర అంతా వెలుగుతుంది, గుంటల దగ్గర ఇంకా గట్టిగా.

16 డిగ్రీలవి: ఒంటి అంచు వెంట మెరిసే చుక్కలు, తోరణానికి కట్టిన చిన్న బల్బుల్లా. పాదం వైపు ఒక్క చుక్క లేదు. 25 డిగ్రీలవి: అంచు నున్నటి గీత, చుక్కలు లేవు. సంచులు లోపలే ఉండిపోయాయి. పాదం వచ్చింది కానీ పొట్టిది, మొండిగా, అక్కడే కదులుతూ ముందుకు సాగలేదు. సంచి తెరుచుకోకపోతే పాదం కూడా ఎదగదని ఇంత స్పష్టంగా కనిపిస్తుందని అనుకోలేదు.

మనలో ఫెర్-1కు దగ్గరి చుట్టం డిస్ఫెర్లిన్. 1998లో కండరాల క్షీణత ఉన్న కుటుంబాల్లో ఆ జన్యువును కనుక్కున్నప్పుడు, ఈ పురుగు జన్యువును పోలి ఉందని దాని పేరులోనే ‘ఫెర్’ పెట్టారు. కండరం పొర చిరిగితే సంచులు తెచ్చి అతికేది అదే. అది లేనివాళ్ళకు యవ్వనంలో కాళ్ళ బలం తగ్గడం మొదలవుతుంది. మా ఇంటర్ క్లాస్‌మేట్ ఒకడికి వేరే రకం కండరాల జబ్బు ఉంది, మెట్లెక్కేటప్పుడు నా భుజం పట్టుకునేవాడు. ఆ పేపరు చదువుతున్నంతసేపూ వాడే గుర్తొచ్చాడు.

మే 6

నాలుగు నెలలూ గాజు మీదే చూశాను. పురుగు ఒంట్లో చూడందే ప్రాజెక్టు ముగించబుద్ధి కాలేదు. మేడమ్ రెండు రోజులు ఇచ్చారు.

మగవాటిని రాత్రంతా మైటోట్రాకర్ ఎర్ర రంగులో చీకట్లో ఉంచి, పొద్దున రంగు వెయ్యని ఉభయలింగులతో వదిలాను. అరగంట తర్వాత జత కట్టినవాటిని విడదీసి, గంట ఆగి, అగార్ ప్యాడ్ మీద పెట్టి చూశాను. కణాలు చేరాల్సిన చోటు వీర్యాశయం, ప్రతి అండం అందులోంచే వస్తుంది. దారి చూపించేది అండాల వైపు నుంచి వచ్చే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. మగ పురుగు కణాలు ఉభయలింగి సొంత కణాల కంటే పెద్దవి, పోటీలో అవే గెలుస్తాయి.

ఎర్ర చుక్కలు గుంపుగా వీర్యాశయంలో ఉన్నాయి. చూస్తుండగానే ఒక అండం లోపలికి వచ్చింది. దానికి చోటు సరిపోక గోడలు సాగాయి. అటు పక్క తలుపు తెరుచుకుని గుడ్డు గర్భాశయంలోకి జారేసరికి, దాంతో పాటు పది పదిహేను ఎర్ర చుక్కలు బయటికి కొట్టుకుపోయాయి. అవి గుడ్డుకూ గోడకూ నడుమ ఇరుక్కున్నాయి. రెండు నిమిషాలు అలాగే ఉన్నాయి. తర్వాత ఒకటి, దాని వెనక ఇంకోటి, గోడ వెంట తిరుగుముఖం పట్టాయి. ఇరవై నిమిషాల్లో పదకొండు మళ్ళీ వీర్యాశయం లోపలికి చేరాయి. అప్పుడే తర్వాతి అండం వచ్చింది, మళ్ళీ తొమ్మిదింటిని బయటికి నెట్టింది. అవీ వెనక్కి తిరిగాయి.